లింబాద్రి సారు చదివిన నవల

"పిల్లి గాదు, పులి! పులి! ఎన్ని పార్లు జెప్పాలె?"

"పిల్లి అనే ఉన్నది రాధా. నా చేత్తోటి నేను రాసుకున్న. ఇగో సూడు, పే, లామ్, యే. పిల్లి."

బోధన్‌లో చెరుకు కొట్టే కాలం, పొద్దు వంగుతున్న వేళ, లింబాద్రి సారు ఇంటి అరుగు. సారు నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివి లెక్కల పంతులైన మనిషి. ఇప్పుడు బడి తెలుగైంది, సారు మాత్రం కాలేదు. రేపు నిజామాబాదులో ఆయనకు తెలుగు పరీక్ష, మూడోసారి. ఈమధ్య చదివిన పెద్దల నవల ఒకటి, పిల్లల పుస్తకం ఒకటి, రెండింటి మీదా సొంత అభిప్రాయం నోటితో చెప్పాలి. చదివింది మాత్రం భార్య రాధాబాయి. వారం రోజులుగా బడి నుంచి రాగానే ఆయన ఈ అరుగు మీదే కూర్చోవడం, ఆమె చెప్పడం, ఆయన రాసుకోవడం. రాసింది తెలుగు మాటలే, అక్షరాలే ఉర్దూవి. రాధాబాయి ఓపికను మెచ్చుకోవాలి గానీ, ఓపికకూ ఒక హద్దుంటుంది కదా!

"నీ పే, లామ్ నాకేం ఎరుక? నేను జెప్పింది పులి."

"పులి రాసినా గిట్లనే ఉంటది. అక్షరం మీద పేష్ పెడితె పులి, కింద జేర్ పెడితె పిల్లి."

"పెట్టినవా మరి?"

"జల్దిల పెట్టలే. ఉర్దూల అవన్ని ఎవలు పెడ్తరు? చదివేటోనికి తెలుస్తది."

"తెలిసింది, సూడరాదు ఎట్ల తెలిసిందో! చెరుకు తోటల పిల్లి దాసుకున్నదని ఊరు ఊరంత కట్టెలు పట్టుకొని ఉరుకుతదా? నీకు అనుమానమన్న రాలేదా?"

"పిల్లల పుస్తకం గదా, ఏమన్న అయితదనుకున్న."

"గా మాట రేపు పెద్ద సార్ల ముంగట అనకు, నీకు దండం పెడ్త. పిల్లల పుస్తకమైతె ఏమన్న రాయొచ్చా? మన బిడ్డ రేణుకకు సదివి ఇనిపిస్తె ఏమన్నదో ఎరుకేనా?"

"ఏమన్నది?"

"పులి బెల్లం వండేకాడికొచ్చి పెనం నాకింది, పన్ను నొచ్చింది, తోటల దాసుకున్నది. బండి తోలేటాయన బిడ్డ పోయి దారం కట్టి పన్ను పీకింది. బాగనే ఉన్నది. పీకినంక గా పన్ను ఏడ పడేసిండ్రు అని అడిగింది రేణుక. పుస్తకమంత ఎతికిన, ఏడ లేదు. రాసినాయన మర్సిపోయిండు. పిల్లలు మర్వరు. గిదే నీ అభిప్రాయమని జెప్పు."

"ఇది నా అభిప్రాయమా, రేణుకదా?"

"ఎవలదైతేంది? నీకు సొంతంగ ఒకటి ఉంటె అదే జెప్పు. ఉన్నదా? లేదు గదా, మరి రాసుకో. ఈపారి పేష్ పెట్టు."

"పెడుతున్న, పెడుతున్న. గంత కోపమెందుకే? నా బాధ నీకేం తెలుసు? ఈపారి గూడ ఫెయిలైతె..."

"తెలుసు. బడిలకెల్లి తీసి దఫ్తర్ల కూసోబెడ్తరు."

"ఇరవై ఏండ్లు పోరగాండ్లకు లెక్కలు జెప్పిన రాధా. నా దగ్గర చదివినోడు ఇయ్యాల చక్కెర ఫ్యాక్టరీల ఇంజనీరు. బోర్డు ముంగట నిలవడకుంట, ఓ మూలకు కూసొని కాయిదాలకు దారం గుచ్చుకుంట బతకమంటె నేను బతకలేను. సచ్చిపోత."

"మంచి మాట మాట్లాడు. మరి రెండు నెలల నుంచి అక్షరాలు దిద్దుమంటె ఏమాయె? గుణింతం దాంక మంచిగనే వచ్చినవు. ఒత్తులకాడికి రాంగనే తలనొప్పి."

"ఒత్తు ఒకపారి కింద ఉంటది, ఒకపారి పక్కకు ఉంటది. దానికొక లెక్క లేదు, పత్రం లేదు."

"నీ పేష్‌కు, జేర్‌కు ఉన్నది లెక్క! సరే, ఇగ నవల. నేనే పెద్ద సారును అనుకో. ఏమయ్యా లింబాద్రి, ఈమధ్య ఏం నవల చదివినవు, కత జెప్పు."

"అయ్యా, నేను ఈమధ్య చదివిన నవలలో నీల అనే పిల్ల ఉన్నది. ఉన్నది అనొచ్చా, కలదు అనాలెనా?"

"ఉన్నది అను. కలదు అంటె అటెనుక దొరుకుతవు."

"నీల తండ్రి చెరుకు రైతు. ఆయన నీలకు ఒక సంబంధం ఖాయం చేసిండు. పిల్లగాడు యాభై ఏండ్లోడు, రెండో పెండ్లి. అప్పుడు మరాఠా దిక్కు నుంచి చెరుకు కొట్టేటోళ్ళ బండ్లు ఊర్లెకు వచ్చినయి. వాళ్ళల్ల ఒక పిల్లగాడు నీలకు మనసైండు. ఎండకాలం పెండ్లి అనంగ, సీజను అయిపోయి బండ్లు తిరిగి పోతుంటె, ఒకనాడు తెల్లారగట్ల నీల బండ్లెంబడి పోయింది."

"గిది మంచిగ జెప్పినవు. పొయ్యిన ముచ్చట ఎట్ల రాసుకున్నవో సదువు."

"ఇగో. నీల మూట కట్టుకున్నది. చలి. లేచి తలుపు తీసింది. నీల నెత్తి నిమిరింది. పోయింది. చలి ఏడ్చింది."

"ఏమన్నవు?"

"చలి ఏడ్చింది. రాధా, గీ ఒక్క మాటకు నేను గా రాసినాయనకు సలాం జేస్తున్న. చలి ఏడ్చిందట! మనిషి గాదు, చలి! తెల్లారగట్ల మంచు కురుస్తది గదా, గది ఏడ్సినట్టున్నదని. ఇదే నా సొంత అభిప్రాయమని జెప్తామనుకుంటున్న. నువ్వు జెప్పకుంట నాకు నేను తీసిన. ఎట్లున్నది? బాగలేదా?"

"చలి గాదు."

"మరి?"

"చెల్లి."

"చెల్లి ఏంది?"

"చెల్లి. చెల్లె. నీల చెల్లె. ఇంట్ల మాట్లాడినట్టు చెల్లె అంటె పరీక్షల తక్కువైతదని, పుస్తకం తెలుగుల చెల్లి అని జెప్పిన. చెల్లి లేచి తలుపు తీసింది. నీల చెల్లి నెత్తి నిమిరింది. చెల్లి ఏడ్సింది."

"నీలకు చెల్లె ఉన్నదా? ఏడికెల్లొచ్చింది?"

"మొదటి నుంచి ఉన్నది! రోజు జెప్తనే ఉన్న! చెల్లి పక్కల పండుకున్నది అన్న, చెల్లికి ఎరుకైంది అన్న. నువ్వేం రాసుకున్నవు?"

"చలి... చలికి ఎరుకైంది. అరే! నేనేమో గీ రాసినాయనకు చలి పిచ్చున్నదేమో అనుకున్న. పేజీకోపారి చలి, చలి."

"వారం రోజులు! వారం రోజులు నా గొంతు పోయేదాంక జెప్తె, ఉన్న ఒక్క చెల్లెను కతలకెల్లి తీసి అవుతల పడేసినవు! నీకు నీల అగుపడ్డది, బండ్లు అగుపడ్డయి, యాభై ఏండ్ల ముసలోడు అగుపడ్డడు. తలుపు తీసినదే అగుపడలే!"

"నాకేం తెలుసే? గీత పెట్టకపోతిని. గీత పెట్టనందుకు గింత ఏడుపా? కండ్లెంబడి నీళ్ళెందుకు?"

"పొగ."

"పొయ్యి ముట్టియ్యనే లేదు గదా."

"ఫ్యాక్టరీ పొగ. దిద్దుకో."

"దిద్దుతున్న. చెల్లి. అయితె తలుపు తీసింది గీ పిల్లనా? ఎన్నేండ్లది?"

"పదకొండు."

"పదకొండేండ్ల పిల్లకు తలుపు తియ్యాలెనని ఎట్ల తెలిసింది?"

"అక్క అడిగింది. నా చేతుల మూటున్నది, గొళ్ళెం సప్పుడైతె బాపు లేస్తడు, నువ్వు తియ్యి అన్నది. చెల్లి గొళ్ళేనికి ఆముదం రాసింది. సప్పుడు గాలే."

"ఆముదం ముచ్చట నువ్వు మొన్న జెప్పలే."

"యాదికి రాలే."

"రాధా, ఒక్క అనుమానం. గీ రాసినాయన కృష్ణా జిల్లా దిక్కోడన్నవు గదా. ఆయనకు మన దిక్కు చెరుకు బండ్ల ముచ్చట ఎట్ల ఎరుక?"

"ఎవలన్న జెప్తె ఇని రాసిండేమో. నువ్వు గూడ ఇని రాస్తలేవా?"

"గది గూడ నిజమే. అయినా తప్పు జేసింది."

"ఎవలు?"

"ఇద్దరు. నీల జేసింది పెద్ద తప్పు, చెల్లె జేసింది చిన్న తప్పు. తండ్రి ఇజ్జత్ పోయె. చేన్ల చెరుకు కొట్టవచ్చినోని ఎంబడి, కులం గాదు, భాష గాదు..."

"యాభై ఏండ్లోనికి ఇచ్చెటప్పుడు ఇజ్జత్ యాడికి పోయింది?"

"నా మీద ఎందుకు ఒర్రుతవు? నేనిచ్చిన్నా? నా అభిప్రాయం జెప్పుమంటివి, జెప్పిన."

"మెల్లగ మాట్లాడు."

"ఎవలింటరు?"

"పక్కపొంటి ఇండ్లు లెవ్వా? సరే. ఇయ్యాల ఆఖరి ముక్క ఉన్నది, రాసుకో. పద్దెనిమిదేండ్లు అయినంక నీల మల్ల వచ్చింది."

"వచ్చిందా! బతికే ఉన్నదా?"

"ఉన్నది. మొగడు సచ్చిండు, పిల్లలు గాలే. వాళ్ళోళ్ళతోటే చెరుకు కొట్టుకుంట బతికింది. ఈ ఏడు బండ్లు ఇటే వచ్చినయి. చెల్లె ఉన్న ఊరి పేరు ఎవలో జెప్పిండ్రు. మొదలు కబురు పంపింది. వారమైనంక తనే వచ్చింది, జరంతోటి, చెల్లె ఇంటి తలుపు కాడికి."

"చెల్లెకు పెండ్లయిందా?"

"అయింది."

"మొగడేం జేస్తడు?"

"ఏదో కొలువు."

"ఏదో కొలువంటె ఎట్ల? పెద్ద సారు అడిగితె జెప్పాలె గదా."

"పట్వారి అనుకో. మొగడేం జేస్తడు గాదు, మొగడు ఏం జెయ్యాలె, గదే అడుగుతరు. తలుపు తియ్యాలెనా, తియ్యొద్దా?"

"పుస్తకంల ఏమున్నది?"

"పుస్తకంల ఉన్నదాంతోటి ఏం పని? నీ అభిప్రాయం జెప్పు."

"పుస్తకంల ఉన్నది తెలిస్తేనే గదా నా అభిప్రాయం తెలిసేది."

"అబ్బబ్బబ్బ! నీకొక మనసున్నదా లేదా? దాన్ని గూడ ఎవలో రాసిస్తెనే అగుపడ్తదా? నువ్వే గా మొగనివి అనుకో. నీ తలుపు కాడ నీ పెండ్లాం అక్క నిలవడ్డది. కాలు ఒణుకుతున్నది. తీస్తవా, తియ్యవా?"

"ఆలోచించాలె."

"ఆలోచించు."

"పట్వారి అన్నవు. ఊర్లె పేరున్న మనిషి. రేపు బిడ్డకు సంబంధం సూడాలె. నలుగురు అడుగుతరు, గామె ఎవలు, ఇన్నేండ్లు ఏడున్నది అని. ఏమని జెప్తడు?"

"పెండ్లాం అక్క అని జెప్తడు."

"అంత ఆసాన్ గాదు రాధా. ఓ పూట బువ్వ పెట్టి, బస్సెక్కియ్యాలె. గంతే. తిట్టొద్దు, కొట్టొద్దు. నేనైతె గట్లనే జేస్త."

"బువ్వ లోపట పెడ్తవా, బయట పెడ్తవా?"

"అరుగు మీద."

"జరమున్నదంటున్న. చలి."

"చలా, చెల్లా?"

"ఈపారి చలే!"

"అయితె ఓ గొంగడి గూడ ఇయ్యాలె. అరుగు మీద పండుకొని పొద్దుగాల పోతది. లోపటికైతె వద్దు. ఇంట్ల ఆడపిల్ల ఉన్నది, బరితెగించిన మనిషి నీడ దాని మీద పడొద్దు. రాసుకోనా?"

"రాసుకో. పేష్, జేర్ అన్ని పెట్టి మంచిగ రాసుకో. రేపు మర్సిపోతవు."

"మల్ల కోపమా? నువ్వే అడగవడ్తివి! ఆగు, రాసినాయన ఏమన్నడో నేనే సూస్త. పుస్తకం ఏది? ఇగో, గూట్లెనే ఉన్నది."

"గిప్పుడు పుస్తకమెందుకు? ఇటియ్యి. పొద్దుగూకింది, అగుపడది."

"అగుపడ్తది. ఆఖరి పేజీ. ఆగవే, గుంజకు! మం... మంగ... మంగళ. వా. వా... ద, దాని కింద ఏదో ఉన్నది... ద్య. వాద్య. మంగళ వాద్యాలు. మో... గా... మోగాయి."

"సదివినవు!"

"ఊకో."

"రేణుక బాపు, ఒత్తు సదివినవు! నీ అంతల నువ్వు సదివినవు!"

"ఊకోమంటున్న గదా. స... రోజ. సరోజ మె...డలో. మెడలో తా... ళి. సరోజ మెడలో తాళి. సరోజ ఎవలు? నీల ఏది? ఇంకో పేజీ. కా... రు. కారు. మేడ. మేడ మెట్లు. సరోజ. మల్ల సరోజ. రాధా, చెరుకు ఏడున్నది? బండ్లు ఏడున్నయి? పుస్తకం మారిందా?"

"మారలే."

"లైబ్రరీలకెల్లి తెచ్చింది గిదేనా?"

"గదే."

"చదివినవా, చదవలేదా?"

"రెండు పార్లు సదివిన. సరోజ ఏడుస్తది, కారెక్కుతది. దిగుతది, మల్ల ఏడుస్తది. ఆఖరికి పెండ్లయితది. ఒక్క ముక్క గూడ నా మనసుకు అంటలే. నీకు జెప్పాలెనని కూసున్న, నోరు తెరిస్తె ఇది వచ్చింది."

"అంటె... నువ్వు అల్లినవా? వారం రోజులు! రేపు ఇంతిహాన్ పెట్టుకొని! నేను పోయి నీల, బండ్లు అంటె పెద్ద సార్లు నవ్వుతరు గదనే! నా నోట్ల మన్ను గొట్టినవు! నీకు నేనేం తక్కువ జేసిన?"

"తప్పే. తిట్టు. పొద్దుగాల బస్సు దాంక కూసొని సరోజ కత జెప్త, గంట గూడ పట్టది. ఇగ నీకు నేను జెప్పుడెందుకు, నువ్వే సదువుతున్నవు. నీ కొలువు పోనియ్య. కని, అల్లినవు అనకు. అల్లలే."

"అల్లకపోతె ఏంది మరి?"

"గొళ్ళేనికి ఆముదం రాసింది ఇగో, గీ చేతులే. నీల గాదు. ఈరవ్వ. మా అక్క."

"మీ అక్క గత్తర రోగమొచ్చి సచ్చిపోయిందని మన లగ్గం కాడ మీ బాపు జెప్పిండు."

"లోకానికంత గదే జెప్పిండు. బతికున్న బిడ్డకు పిండం పెట్టిండు."

"నాకెందుకు జెప్పలే? పదమూడేండ్లాయె లగ్గమై. ఒక్కపారన్న జెప్పకపోతివి?"

"రెండు పార్లు మొదలువెట్టిన. ఒకపారి పిల్లల లెక్కలు దిద్దాలె అన్నవు. ఒకపారి నిద్రొస్తున్నదన్నవు. పుస్తకంల కత అంటె కలం పట్టుకొని ముంగట కూసున్నవు. వారం కిందట అక్క కబురు పంపంగనే అనుకున్న, ఇగ గిట్లనే జెప్తె ఇంటడని."

"మరి... వారమైనంక వచ్చిందంటివి. గది గూడ నిజమేనా? ఎప్పుడొచ్చింది? నేను బడికి పోయినంకనా? రాధా, ఇప్పుడు ఏడున్నది గామె?"

"మెల్లగ మాట్లాడు. పగటీలి వచ్చింది. లోపటి అర్రల పండుకున్నది, ఇంత సేపు నీ అభిప్రాయం మొత్తం ఇన్నది."